సీటు పక్క సాకెట్‌కి నా మార్కులు

విమాన ప్రయాణం మీద రివ్యూ రాసేవాళ్లు కాళ్లు చాపుకునే జాగా గురించి రాస్తారు, స్క్రీన్లో ఎన్ని సినిమాలున్నాయో రాస్తారు, సిబ్బంది నవ్వుతూ పలకరించారో లేదో రాస్తారు. నేను రాస్తున్నది రెండు సీట్ల మధ్య, మోకాలి ఎత్తులో, వంగి చూస్తే గానీ కనబడని కరెంటు సాకెట్ గురించి. ఫ్యాక్టరీల్లో స్విచ్‌బోర్డులకి ప్రొటెక్షన్ సెట్ చేయడం నా ఉద్యోగం. కరెంటు మితిమీరితే తనంతట తనే పడి సరఫరా ఆపే బ్రేకర్లలో ఏది ఎంత కరెంటుకి, ఎంత సేపట్లో పడాలో లెక్క కట్టి, పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెడతాను. ఆ అలవాటు ఎక్కడికెళ్లినా వదలదు. హోటల్ గదిలో అడుగుపెట్టగానే అందరూ కిటికీ తెర తీస్తే నువ్వు బ్రేకర్లుండే డీబీ పెట్టె మూత తీస్తావేంటి అని మా ఆయన ఎప్పుడూ విసుక్కుంటారు.

ఎయిర్‌లైన్ పేరు రాయడం లేదు. ఈ సాకెట్‌ని వాళ్లు తయారుచేయలేదు, అదే ఎయిర్‌లైన్లో ఇంకో విమానం ఎక్కితే ఇంకో రకం సాకెట్ ఉంటుంది. రాత్రంతా సాగే ప్రయాణం, రెండు ఇంజిన్ల పెద్ద విమానం, ఎకానమీ, నడవ పక్క సీటు. అంతవరకు తెలిస్తే చాలు.

ముందు మామూలు ప్రయాణికురాలిగా చెప్తాను. సాకెట్ పెట్టిన చోటే బాగాలేదు. ముందు సీటువాళ్లు వెనక్కి వాలితే వంగడానికి సందుండదు, తడుముకుంటూ పెట్టాలి. ఏ దేశం ప్లగ్గయినా పట్టేలా చేసిన సాకెట్ కాబట్టి ఏ దేశం ప్లగ్గునీ గట్టిగా పట్టుకోదు. నా ల్యాప్‌టాప్ చార్జర్, ప్లగ్గూ ఒకే ముక్క. ఆ బరువుకి అది సాకెట్ నుంచి గబ్బిలంలా వేలాడింది. విమానం కాస్త ఊగితే చాలు, సాకెట్ పక్కనున్న పచ్చ లైటు ఆరిపోవడం, ల్యాప్‌టాప్ టింగుమనడం, మళ్లీ వెలగడం, మళ్లీ టింగుమనడం. చివరికి చార్జర్ కింద నా హ్యాండ్‌బ్యాగ్ ఆనించాను. అప్పుడు గానీ నిలవలేదు.

పక్క సీటులో పై చదువులకి వెళ్తున్న కుర్రాడు. కాసేపు తన సాకెట్‌తో కుస్తీ పట్టి, నావైపు తిరిగి, "మీది వెలుగుతోందాండీ? నాది డెడ్ అనుకుంటా" అన్నాడు.

"నెమ్మదిగా దూరుస్తున్నావా?"

"అవునండీ, లూజుగా ఉంది కదా అని."

"పూర్తిగా బయటికి తీసెయ్ బాబూ. తిన్నగా పట్టుకుని, రెండు పిన్నులూ ఒకేసారి లోపలికి పోయేలా ఒక్క తోపు తొయ్యి."

తోశాడు. పచ్చ లైటు వెలిగింది. ఇదేదో రిపేరు చిట్కా అనుకుని థాంక్స్ చెప్పాడు గానీ అది రిపేరు కాదు, డిజైనే అంత. చాలా విమానాల్లో సీటు సాకెట్ రంధ్రాల్లో మామూలుగా కరెంటు ఉండదు. రెండు పిన్నులూ దాదాపు ఒకేసారి లోపలికి వచ్చాయని సాకెట్‌కి తెలిశాకే దాని వెనకున్న సర్క్యూట్ కరెంటు వదులుతుంది. పిల్లలు హెయిర్‌పిన్నో, హెడ్‌ఫోన్ జాకో ఒక రంధ్రంలో పెడితే ఏమీ జరగదు. ఒక పిన్ను ముందు, ఒక పిన్ను తరవాత వెళ్లినా దానికి అనుమానమే. మెల్లగా, జాగ్రత్తగా ప్లగ్గు పెట్టేవాళ్లకే సాకెట్ పనిచేయనట్టు కనిపించడం దీని వల్లే. వాడకంలో చిరాకే, ఒప్పుకుంటాను. కానీ నా వృత్తి కళ్లతో చూస్తే ఈ సాకెట్‌లో నాకు బాగా నచ్చిన పని ఇదే. వందలమంది, అందులో చిన్న పిల్లలు, గంటల తరబడి తోచక కూర్చునే చోట చేతికందే ఎత్తులో 110 వోల్టులు పెట్టాలంటే ఇంత అనుమానం ఉండాల్సిందే.

110 వోల్టులు అన్నాను గానీ విమానంలో పుట్టే కరెంటు అది కాదు. ఇంజిన్లకి బిగించిన జనరేటర్లు చాలా విమానాల్లో 115 వోల్టులు, 400 హెర్ట్జ్ ఇస్తాయి. ఫ్రీక్వెన్సీ అంత ఎక్కువ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో ఇనుము తక్కువ సరిపోతుంది, బరువు తగ్గుతుంది. కొత్త రకాల్లో కొన్నింట్లో ఫ్రీక్వెన్సీ స్థిరంగా కూడా ఉండదు, ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతుంది. దాన్ని మన చార్జర్‌కి పనికొచ్చేలా 60 హెర్ట్జ్‌కి మార్చేది సీటు కింద ఉండే అల్యూమినియం డబ్బా. మీ పాదానికి వెచ్చగా తగిలేది, బ్యాగ్ పూర్తిగా లోపలికి పోకుండా అడ్డం వచ్చేది తరచుగా అదో, స్క్రీన్ తాలూకు డబ్బానో అయి ఉంటుంది. 1990లలో ఇంత సదుపాయం లేదు. ఎంపవర్ అని 15 వోల్టుల డీసీ సాకెట్ ఉండేది, దానికి ప్రత్యేకమైన అడాప్టర్ కొనుక్కోవాల్సి వచ్చేది.

ఆ డబ్బాకి ఇంకో పని, కాపలా. ఎక్కువ లాగితే ఆపేస్తుంది, షార్టయితే ఆపేస్తుంది, తనే వేడెక్కితే తనే ఆగిపోతుంది. ఒక్కో సాకెట్‌కి దొరికేది చాలా విమానాల్లో 100 వాట్లు, అటూ ఇటూగా. గేమింగ్ ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి పచ్చ లైటు ఎందుకు ఆరిపోతోందని సిబ్బంది మీద అరిచేవాళ్లని చూశాను. పాపం, వాళ్లేం చేస్తారు. కొన్ని వ్యవస్థల్లో విమానం మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. అది నిండాక కొత్తగా ప్లగ్గు పెట్టినవాళ్లకి కరెంటు రాదు, ముందు పెట్టినవాళ్లకి మాత్రం పోదు. ముందొచ్చినవాళ్లదే రాజ్యం.

రాత్రి మధ్యలో నా సాకెట్ నిజంగానే పోయింది. లైటు లేదు, తోసినా లేదు, కుర్రాడి సాకెట్‌లో పెట్టినా లేదు. పిలుపు బటన్ నొక్కితే వచ్చిన అమ్మాయి వెనక్కెళ్లి, గ్యాలీ, అంటే విమానం వంటగది, పక్క గోడకున్న టచ్ ప్యానెల్లో మా వరస ఎంచుకుని రీసెట్ చేసింది. మా వరస స్క్రీన్లన్నీ నల్లగా అయిపోయి, నిమిషం తరవాత మొదట్నుంచి లేచాయి. సినిమా సగంలో ఉన్న నడవ అవతలి ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. సాకెట్ వెలిగింది. తర్వాత ఆ అమ్మాయి ఒక మాట అంది: "ఇంకోసారి పోతే మళ్లీ చేయమండీ, అలాగే వదిలేస్తాం." చాలామందికి ఇది బద్ధకంలా వినబడుతుంది. నాకు మాత్రం ఆ రాత్రి మొత్తంలో వినబడ్డ మంచి మాట అదే. దాని వెనక చాలా చరిత్ర ఉంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 అనే డీసీ-9 విమానంలో వెనక టాయిలెట్ ఫ్లష్ మోటారు తాలూకు మూడు బ్రేకర్లు పడిపోయాయి. కెప్టెన్ వాటిని మళ్లీ నొక్కి చూశారు, నిలవలేదు. ఎనిమిది నిమిషాలాగి మళ్లీ నొక్కారు, మళ్లీ నిలవలేదు. కాసేపటికి టాయిలెట్లోంచి పొగ. విమానాన్ని సిన్సినాటిలో దించారు గానీ, తలుపులు తెరిచాక నిమిషం, నిమిషంన్నర లోపల మంట క్యాబిన్‌ని చుట్టేసింది. 46 మందిలో 23 మంది బయటికి రాలేదు. మంట ఎక్కడ, దేనివల్ల పుట్టిందో దర్యాప్తులో తేలలేదు. మోటారే కారణమని ఎవరూ అనలేదు. అయినా, పడిన బ్రేకర్ ఏదో చెప్తోంది, దాని నోరు నొక్కకూడదు అన్న పాఠం అప్పటి నుంచి గట్టిపడుతూ వచ్చింది. టాయిలెట్లలో పొగ పసిగట్టే డిటెక్టర్లు, నేల వెంబడి దారి చూపే లైట్లు తప్పనిసరి కావడానికి కూడా ఈ ప్రమాదం పెద్ద కారణం. ఇప్పుడు విమానం క్షేమంగా వెళ్లడానికి అవసరమైతే తప్ప గాల్లో బ్రేకర్ రీసెట్ చేయొద్దంటారు, చేసినా ఒక్కసారే. ఆ అమ్మాయి ముట్టుకున్నది బ్రేకర్‌ని కాదు, స్విచ్చింగ్ ప్యానెల్‌ని. అయినా అదే క్రమశిక్షణ అక్కడిదాకా దిగింది.

ఇక అసలు సంగతి. సీటు దగ్గరి కరెంటుకి ఇన్ని షరతులు ఎందుకొచ్చాయంటే 1998 సెప్టెంబర్ 2 దగ్గరికి వెళ్లాలి. స్విస్‌ఎయిర్ 111, ఎండీ-11 విమానం, న్యూయార్క్ నుంచి జెనీవాకి. కాక్‌పిట్‌లో ఏదో వాసన వచ్చిందని పైలట్లు గమనించిన క్షణం నుంచి కెనడాలోని నోవా స్కోషియా తీరాన సముద్రంలో పడేదాకా గడిచింది 21 నిమిషాలు. 229 మందీ పోయారు. కెనడా రవాణా భద్రతా బోర్డు నాలుగేళ్లకు పైగా సముద్రం అడుగు నుంచి ముక్కలేరి, ముందు భాగాన్ని తిరిగి పేర్చి, 2003లో నివేదిక ఇచ్చింది.

ఆ విమానంలో సీట్ల దగ్గర వినోద వ్యవస్థని తర్వాత కొత్తగా బిగించారు. దాని వైర్లు కాక్‌పిట్ వెనక సీలింగ్ పైనుంచి వెళ్లేవి. మొదట ఆర్క్ (వైర్ల మధ్య ఎగిరే స్పార్కు) పుట్టిన చోట ఆ వ్యవస్థ వైరు ఒకటి ఉందని, దాంతోపాటు ఇంకో వైరు కూడా కలిసి ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది. ఆ స్పార్కుకి అంటుకున్నది విమానం గోడల లోపల చలికీ చప్పుడుకీ వేసే దుప్పటి. దాని పై తొడుగు మెటల్ పూత పూసిన ప్లాస్టిక్ రేకు. ఆ తొడుగు అప్పటి మంట పరీక్ష పాసైంది, నియమాల ప్రకారం అంతా సక్రమమే.

నా వృత్తికి సూటిగా గుచ్చుకునే విషయాలు రెండున్నాయి ఇందులో.

ఒకటి, బ్రేకర్. మామూలు థర్మల్ బ్రేకర్లో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. కరెంటు ఎక్కువై పట్టీ వేడెక్కి వంగితే ట్రిప్పవుతుంది. వైరు పూర్తిగా షార్టయితే అది ఠక్కున పడుతుంది. కానీ ఇన్సులేషన్ చెదిరి రెండు వైర్ల మధ్య టిక్ టిక్‌మంటూ స్పార్కు వచ్చి పోతూ ఉంటే, సగటున లాగే కరెంటు పెద్దగా పెరగదు. పట్టీ వేడెక్కేలోపు స్పార్కు ఆగుతుంది, పట్టీ చల్లారుతుంది, మళ్లీ స్పార్కు. బ్రేకర్‌కి ఏ తప్పూ కనబడదు. ఆ స్పార్కు ఉన్న చోట మాత్రం రాగి కరిగిపోయే వేడి. ఎంత కరెంటుకి ఎంత సేపట్లో బ్రేకర్ పడాలో చూపిస్తూ నేను రోజూ గీసే ట్రిప్ కర్వుల్లో ఈ సంగతి ఎక్కడా ఉండదు, కర్వుకి కింద ఉండిపోతుంది. అమెరికాలో ఇళ్లకి కూడా ఈ జబ్బుకి మందు 1999 ఎలక్ట్రికల్ కోడ్‌లో గానీ రాలేదు. పడకగదుల సర్క్యూట్లకి ఆర్క్‌ని గుర్తించే బ్రేకర్ పెట్టమన్నారు.

రెండోది, స్విచ్. పొగ వస్తే పైలట్లు చెక్‌లిస్టు ప్రకారం క్యాబిన్ బస్ అనే స్విచ్ ఆపుతారు. బస్ అంటే చాలా పరికరాలకి కలిపి కరెంటు పంచే ప్రధాన లైను. ఆపితే క్యాబిన్‌లో సదుపాయాల కరెంటంతా పోతుందని వాళ్ల నమ్మకం. కానీ ఈ వినోద వ్యవస్థని ఆ బస్సుకి కాకుండా వేరే బస్సుకి కలిపారు. స్విచ్ ఆపినా అది ఆగదు. ఆ రాత్రి ప్రమాదం దీనివల్లే జరిగిందని అనడానికి లేదు. కానీ డ్రాయింగ్ గీసినవాళ్లకి, విమానం నడిపేవాళ్లకి మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ప్యానెల్ మీద ఉన్న పేరు నమ్మి స్విచ్ ఆపిన మనిషికి ఆ పేరు నిజం చెప్పాలి. మా పనిలో ఇంతకన్నా పెద్ద నియమం లేదు.

ఆ తర్వాత నియమాలు కదిలాయి. మెటల్ పూత తొడుగుల్ని తీసేయమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2000లో ఆదేశించింది, దుప్పట్లకి కొత్త మంట పరీక్ష 2003లో తెచ్చింది. సీటు వినోద వ్యవస్థలకి ఎలా అనుమతి ఇవ్వాలో 2000లోనే మధ్యంతర విధానం ప్రకటించింది. బ్రేకర్ పీకడం కాకుండా సిబ్బంది ఆపగలిగే విధానం ఉండాలన్నది అందులో ముఖ్యం. 2007లో పెద్ద మార్పు వచ్చింది. పెద్ద విమానాల నియమావళి అయిన పార్ట్ 25లో వైర్లకే ప్రత్యేకంగా హెచ్ అనే ఉపభాగం చేర్చారు. అంతకుముందు వైరంటే ఒకసారి బిగించి మర్చిపోయే వస్తువు. ఇప్పుడు వైరు, కనెక్టర్, క్లాంపు, తొడుగు అన్నీ కలిపి ఒక వ్యవస్థ. ఏ వైరు ఏ వైరుకి దూరంగా ఉండాలి, దానిమీద ఏ గుర్తు ఉండాలి, మంటలో తనంతట తనే ఆరిపోవాలి, ఎప్పుడెప్పుడు విప్పి చూడాలి, వీటన్నిటికీ నియమాలున్నాయి. యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్‌ఏ కూడా తన నియమావళి సీఎస్-25లో ఇదే దారి పట్టింది. నడుస్తూనే ఆన్ ఆఫ్ చేయాల్సిన వ్యవస్థకి, స్విచ్చుగా వాడటానికే తయారైన బ్రేకర్ కాకపోతే, బ్రేకర్నే స్విచ్చుగా పెట్టకూడదని పార్ట్ 25లోని 25.1357 నిబంధనలో ఒక వాక్యం చేర్చారు. గ్యాలీ పక్కన ఆ అమ్మాయి వేలితో నొక్కిన టచ్ ప్యానెల్‌ లాంటివి ఇలాంటి నియమాలకి రూపమే.

నియమాల్లో నాకు ఇష్టమైన ఇంకో వాక్యం 25.1360. విమానం విద్యుత్ వ్యవస్థ సిబ్బందికి, ప్రయాణికులకి, సర్వీసింగ్ చేసేవాళ్లకి, మెయింటెనెన్స్‌వాళ్లకి షాక్ కొట్టే అవకాశాన్ని తగ్గించేలా ఉండాలని, సిబ్బంది చేతికి తగిలే భాగాలు కాల్చేంత వేడెక్కకూడదని అంటుంది. మెయింటెనెన్స్ మనిషిని ప్రయాణికుడి పక్కనే అదే వాక్యంలో నిలబెట్టారు చూడండి, అది నచ్చింది నాకు. నేను చదివే చాలా స్పెసిఫికేషన్లలో పని చేసేవాడి ప్రాణం అనుబంధంలో ఉంటుంది.

గ్యాలీ గురించి ఎక్కువ చెప్పను. ఓవెన్లు, కాఫీ మెషీన్లు, నీళ్ల హీటర్లకి 25.1365 ఉంది. వేడి మితిమీరకూడదు, మంటకి దారివ్వకూడదు, నీళ్లూ ఆవిరీ పక్క పరికరాల మీద పడకూడదు. తమాషా ఏమిటంటే టాయిలెట్ ఫ్లష్ కూడా ఈ నియమంలో గృహోపకరణమే.

ఇంత చదివితే సాకెట్‌కి ఐదుకి ఐదు వేస్తాననుకుంటారు. వేయను.

ఈ నియమాలన్నీ విమానంలో బిగించిన సామానుని చూస్తాయి. సాకెట్‌లో మనం తెచ్చి పెట్టేదాన్ని ఏ ఇంజినీరూ పరీక్షించడు. ఒక సాకెట్‌కి యూనివర్సల్ అడాప్టర్, దాని మీద ఇంకో అడాప్టర్, దాని మీద పేరూ ఊరూ లేని చార్జర్. ఆ రాత్రి నడవ అవతల నేను చూసిన టవర్ ఇది. తీసేసేటప్పుడు కింది అడాప్టర్ సాకెట్‌లోనే ఉండిపోయింది. దాని పిన్నులు నల్లబడి ఉన్నాయి. 100 వాట్లు 110 వోల్టుల దగ్గర లాగితే ఒక ఆంపియర్ కూడా దాటదు కాబట్టి, పైగా కింద డబ్బా కాపలా ఉంది కాబట్టి, నాకు భయం వేయలేదు. కానీ ఆ నలుపు లూజ్ కాంటాక్ట్ నలుపు, అంత దూరం నుంచే గుర్తుపడతాను. మొదటిరోజు పట్టుకున్నంత గట్టిగా సాకెట్ ఐదేళ్ల తర్వాత పట్టుకుంటుందా అన్న ప్రశ్న ప్రయాణికుడికే మిగులుతోంది. ప్లగ్గు జారితే పచ్చ లైటు ఆరిపోతుంది, అంతే. ప్రమాదం లేదు, విసుగు మాత్రం బోలెడు.

అసలు టెన్షన్ పెట్టేది పవర్ బ్యాంకు. పక్క కుర్రాడు ఫోను చార్జయ్యాక అదే సాకెట్‌కి పవర్ బ్యాంకు తగిలించి, సీటు జేబులో పెట్టి దుప్పటి కప్పుకోబోయాడు. "అది బయటికి తియ్యి నాయనా, నిద్రపోతూ చార్జ్ పెట్టకు, గుడ్డల మధ్య అసలే వద్దు" అన్నాను. కొంచెం బిక్కమొహం వేసినా తీసేశాడు. సాకెట్‌కి తెలిసేది ఎన్ని వాట్లు పోతున్నాయన్నదే. లోపల లిథియం సెల్ ఉబ్బిందా, నిన్న కిందపడిందా అన్నది దానికి తెలియదు. సెల్ లోపల షార్టయి మంట మొదలైతే సాకెట్ ఆపినా లాభం లేదు, ఆ మంటకి కావాల్సిన శక్తి సెల్ లోపలే ఉంది. ఇన్నేళ్లుగా కట్టుకొచ్చిన స్విచ్‌ల ఆలోచన అంతా ఇక్కడ చేతులెత్తేస్తుంది.

అందుకే ఈ మధ్య నియమాలు సాకెట్ వదిలి సంచుల వెంట పడ్డాయి. పవర్ బ్యాంకుల్ని చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి, 100 వాట్-అవర్ల దాకా మామూలుగా, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో. 3.7 వోల్టుల లెక్కన 27,000 ఎంఏహెచ్ అంటే ఆ 100కి అంచున ఉన్నట్టు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ ఎ321 బయల్దేరకముందే తగలబడింది. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. అనుమానం పవర్ బ్యాంకు మీదికి పోయింది. మార్చి 1 నుంచి అక్కడ పవర్ బ్యాంకుని పైనున్న సామాను అరలో పెట్టనివ్వడం లేదు, ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. పొగొస్తే కనబడాలి కదా. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో చార్జ్ చేయడాన్ని, సీటు యూఎస్‌బీ నుంచి పవర్ బ్యాంకు చార్జ్ చేయడాన్ని ఆపింది. ఎమిరేట్స్ అక్టోబర్ 1 నుంచి వాడకాన్నే నిషేధించింది. ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో తీరు, ఎక్కే ముందు చూసుకోవాల్సిందే. ఈ నిషేధాల్ని నేను సమర్థిస్తాను, ఏ మొహమాటం లేకుండా.

అయితే ఒకటి అడగాలి. పవర్ బ్యాంకు వాడొద్దన్నాక సీటు సాకెట్ సౌకర్యమా, అవసరమా? నియమాల దృష్టిలో అది ఇంకా సౌకర్యమే. పనిచేయకపోయినా విమానం హాయిగా ఎగురుతుంది, ఎగరొచ్చు కూడా. అత్యవసరం కాని సామాను జాబితాలో చేరి, తీరిక దొరికినప్పుడు రిపేరు. భద్రత లెక్కలో అది సరైన నిర్ణయమే. పాడైన సాకెట్ కోసం విమానాన్ని ఆపమని నేనూ అనను, అనుమానం ఉన్న సాకెట్‌ని చంపి ఉంచడమే మంచిది. కానీ ఎయిర్‌లైన్ ప్రకటనల్లో మాత్రం ప్రతి సీటుకీ పవర్ ఉందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మా వరసకి రెండు వరసల ముందు ముగ్గురి సాకెట్లూ మొదట్నుంచి చివరిదాకా వెలగలేదు. రీసెట్ చేసినా రాలేదు. అది ముందే తెలిసిన సంగతేనట, సిబ్బంది అమ్మాయే చెప్పింది. తెలిసినప్పుడు సీటు ఎంచుకునేటప్పుడే చూపించొచ్చుగా?

మార్కులు. ప్లగ్గు పెట్టే చోటు, పట్టు: ఐదుకి ఒకటిన్నర. ఇచ్చే కరెంటు: మూడున్నర, మామూలు ల్యాప్‌టాప్‌కి సరిపోతుంది. పక్కనున్న పాత రకం యూఎస్‌బీ: ఒకటి. పది వాట్లతో ఫోను నిండేలోపు గమ్యం వస్తుంది. కొత్త విమానాల్లో యూఎస్‌బీ-సీ వస్తోంది, అది ఉంటే సాకెట్ జోలికే పోను. షాక్ నుంచి కాపాడే తీరు: ఐదు. ఆపగలిగే తీరు, ఆపాక మళ్లీ మళ్లీ కదిలించని క్రమశిక్షణ: ఐదు, వీలుంటే ఇంకోటి. నిజం ముందే చెప్పడం: సున్నా.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది కొద్దే. పెద్ద చార్జర్ వద్దు, 65 వాట్ల చిన్నది తెచ్చుకోండి, ప్లగ్గుకీ చార్జర్‌కీ మధ్య చిన్న తీగ ఉండేది అయితే వేలాడదు. ఎక్కగానే, అందరూ సర్దుకుంటుండగానే పెట్టి లైటు వెలుగుతోందో లేదో చూడండి, సీటు మార్చమని అడగాలన్నా అప్పుడే కుదురుతుంది. అడాప్టర్ మీద అడాప్టర్ పేర్చకండి. ఫోను సీటు సందులోకి జారితే సీటుని కదపకండి, బటన్ నొక్కి సిబ్బందిని పిలవండి. నలిగిన ఫోను బ్యాటరీ అక్కడే మండుతుంది. సాకెట్ నుంచి కాలిన వాసన వస్తే ప్లగ్గు తీసేసి ఊరుకోకుండా వెంటనే చెప్పండి, అది ఎంత చిన్న వాసనైనా సరే. రెండోసారి రీసెట్ చేయమని మాత్రం వాళ్లని బతిమాలకండి.